తాయెత్తు ముడులు

"మెదడులో గడ్డ. ఇంటికి తీసుకుపో," అన్నాడు గుంటూరు పెద్దడాక్టరు. పిల్లకు నాలుగు నెలలుగా తలనొప్పని ఆసామి చెంచురామయ్య చెప్పి పోయాడు. ఆయన పొలంలో కూలికెళ్ళే తల్లి సర్దార్‌బీని అడగటం డాక్టరుకి నామోషీ.

"ముందా పిల్ల మెళ్ళో తాయెత్తు తెంపు. తాడుకి ఆ ముడులేంటే, దద్దమ్మా?"

"జొరం తగిలిన కాణ్ణించి రోజుకో ముడి ఏశానండి. మూడోనాడు తలనొప్పి, నిన్న ఫిట్సు."

డాక్టరు వెటకారంగా నవ్వుతూ లెక్కపెట్టాడు. ఐదుతో ముడులు అయిపోయాయి. నవ్వూ ఆగింది.

"ఐదు రోజులేనా? గడ్డ ఇంత తొందరగా ముదరదు. ఇది మెదడువాపు, వైద్యం చెయ్యొచ్చు. మరి ఆయన నాలుగు నెలలన్నాడే?"

"ఆయనకి నా బిడ్డ పేరే తెలవదండి. తమకి తెలుసా?"

డాక్టరు చీటీ చూశాడు. పేరు రాయాల్సిన చోట తన చేతిరాతే ఉంది: "చెంచురామయ్యగారి కూలిదాని కూతురు."