ముందు వరుస శ్రోత

“బావా, ఆవిడ చెవిలో వైరుంది.”

విరామంలో వేదిక వెనక గదిలో బావమరిది ఈ మాట అనేసరికి, సాక్సోఫోన్ తుడుస్తున్న మాస్టారి చెయ్యి ఆగిపోయింది.

“ఎవరి చెవిలోరా?”

“ఇంకెవరు, మన కళ్ళజోళ్ళావిడ. జుట్టు కప్పుకుంది గానీ ఫ్యాను గాలికి తొలిగింది. డ్రమ్ముల వెనక ఎత్తు మీద కూర్చుంటానుగా, నాకన్నీ కనిపిస్తాయి.”

“వినికిడి మెషీనేమో.”

“వినికిడి మెషీను వైరు హ్యాండ్‌బ్యాగులోకి పోతుందా బావా?”

మాస్టారు తుడుపు గుడ్డ పక్కన పడేశారు.

బేకరీ పై అంతస్తులో ఉన్న ఆ చిన్న హాల్లో ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆయన జాజ్ వాయిస్తారు. పక్క వీధిలో కళ్ళజోళ్ళ షాపు నడిపే ఆవిడ ఏళ్ళ తరబడి ముందు వరుసలోనే కూర్చుంటుంది. మిగతా అభిమానులు ఈలలు వేస్తారు, మెట్ల మీద ఆపి మరీ పొగుడుతారు. “రికార్డులెన్ని ఉంటే ఏం మాస్టారూ, ఎదురుగా కూర్చుని వినాలి! ఒకసారి వాయించింది ఇంకోసారి వాయించరు కదా మీరు” అంటారు. ఆవిడ ఏమీ అనదు. నచ్చినప్పుడు కళ్ళు మూసుకుంటుంది, అంతే. మాస్టారికి ఆ పొగడ్తలన్నీ ఒక ఎత్తు, ఆ మూసిన కళ్ళొక ఎత్తు. చాలా కాలం తర్వాత ఒక కంపెనీ కొత్త రికార్డు చేద్దామని ముందుకొస్తే, అందులో ఏమేం వాయించాలో ఆవిడ కళ్ళు చూసే తేల్చుకున్నారు.

“ఇంట్లో నేను చెవులు మూసుకుంటే లెక్కలేదు గానీ, ఆవిడ కళ్ళు మూసుకుంటే మార్కులా?” అని భార్య దెప్పింది కూడా.

ఇప్పుడా చెవిలో వైరు!

ఆ వైరులో ఎవరున్నారో మాస్టారికి ఎవరూ చెప్పక్కర్లేదు. శిష్యుడు. తన ఇంటి ముందు గదిలో బుగ్గలు పూరించి ఊదడం నేర్చుకున్న కుర్రాడు. ఇవాళ వాడి కచేరీకి టిక్కెట్లు దొరకవు. గురువును మించిన శిష్యుడని పేపరు వాళ్ళు రాస్తే, ఆయన పదిమందిలో వాడి భుజం తట్టి, ఇంటికెళ్ళి అన్నం ముందు నుంచి లేచిపోయారు. తన రికార్డులు తాను వినే అలవాటు ఆయనకు ఏనాడూ లేదు. వాయించింది వాయించినట్టే గాలిలో కలిసిపోవాలంటారు. శిష్యుడివి మాత్రం గది తలుపేసుకుని ఒక్కటీ వదలకుండా విన్నారు.

విరామం అయ్యాక మాస్టారి కళ్ళు ఆ జుట్టు మీదే ఉన్నాయి. గట్టిగా ఊదారు. వేగం పెంచారు. ఆవిడ కదల్లేదు. మాస్టారు ఊదడం ఆపాక, బావమరిది ఒక్కడే డ్రమ్ములు దంచుతుండగా, ఆవిడ మెత్తగా నవ్వుకుని కళ్ళు మూసుకుంది. మాస్టారు తిరిగి అందుకోవలసిన చోట అందుకోలేకపోతే బావమరిదే ఇంకో చుట్టు వాయించి పరువు కాపాడాడు.

“ఇవాళ భలే కసిగా వాయించారు మాస్టారూ!” అన్నాడొక అభిమాని, చివర్లో చెయ్యి ఊపేస్తూ.

ఆ చెయ్యి వదిలించుకుని ఆయన తిన్నగా ముందు వరుసలోకి దిగారు.

“బాగుందండీ ఇవాళ” అంది ఆవిడ, బ్యాగు తగిలించుకుంటూ.

“ఏది బాగుందమ్మా? నేను వాయించిందా, మీరు విన్నదా?”

ఆవిడ చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళి ఆగిపోయింది. ముఖం కందిపోయింది.

“తప్పేనండీ.”

“టిక్కెట్టు కొనుక్కుని, నా ఎదురుగా కూర్చుని, ఈ పని దేనికి? అదేదో ఇంట్లో వినొచ్చుగా!”

“ఇంట్లో వింటే నిండుగా ఉండదండీ. ఈ కుర్చీలో కూర్చుంటేనే...”

“పోనీలే బావా” అంటూ బావమరిది డ్రమ్ము కర్రలు చంకలో పెట్టుకుని వచ్చాడు.

“నువ్వుండరా. ఇలా ఇవ్వండమ్మా, నేనూ వింటాను.”

“వద్దండీ. మీరు నొచ్చుకుంటారు.”

“ఇంకా నొచ్చుకోవడానికి ఏం మిగిల్చారు?”

ఆవిడ వైరు తీసి ఇచ్చింది. “సరిగ్గా ఉండదండీ. కచేరీలో కూర్చుని ఫోనులో దొంగతనంగా రికార్డు చేసుకున్నది.”

అంటే వాడి కచేరీకి కూడా వెళ్తోందన్నమాట. మాస్టారు పళ్ళు బిగించి చెవిలో పెట్టుకున్నారు.

ఎవరిదో దగ్గు. కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత సాక్సోఫోన్ కింది స్థాయిలో మెల్లగా మొదలైంది. తొందర లేదు. ఒక స్వరాన్ని పట్టుకుని, ఇక తెగిపోతుందేమో అనిపించేదాకా లాగి, తెగకుండానే వదిలాడు. ఆ తర్వాత మౌనం. జనం ఏమనుకుంటారో అన్న భయం లేనివాడు మాత్రమే ఉంచగలిగినంత మౌనం. మాస్టారు తప్పు కోసం వెతికారు. అసూయ పట్టిన చెవికి అపస్వరం ఇట్టే దొరకాలి. దొరకలేదు. స్వరాన్ని వంచే ఆ ఒడుపు తన ఇంట్లో నేర్చిందే. కానీ వాడు ఇంత బాగా వాయించగా తానెప్పుడూ వినలేదు.

చెవిలోది తీసి ఆవిడ చేతిలో పెట్టేశారు.

“ఒరేయ్, రికార్డు వద్దని కంపెనీ వాళ్ళకి ఫోన్ చేసెయ్.”

“అదేంటి బావా! ఇన్నేళ్ళకి వచ్చిన అవకాశం!”

“ఇది విన్నాక నేనేం ముఖం పెట్టుకుని వాయించను? నావల్ల కాదురా ఇలాగ.” ఆవిడ వైపు తిరిగారు. “ఒప్పుకుంటున్నానమ్మా. వాడు నాకంటే గొప్పవాడే. ఇంత బాగా ఎప్పుడు వాయించాడు వాడు?”

ఆవిడ తల దించుకుంది.

“అది మీరేనండీ... అప్పట్లో.”