ఖరీదైన పవర్ సప్లై

కూతురు రాసిచ్చిన చీటీని కంప్యూటర్ షాపు యజమాని ముందు పెట్టిందావిడ. గేములాడుకోవడానికి ఆ పిల్ల కొనుక్కుంటున్న మొదటి కంప్యూటర్. ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు అన్నీ చవకవే. పవర్ సప్లై మాత్రం షాపులోకెల్లా ఖరీదైనది.

ఆయన నవ్వాడు. "ఇది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమమ్మా! కరెంటు అందించే డబ్బాకి ఇంతెందుకు? చిన్నది చాలు. మిగిలింది గ్రాఫిక్స్ కార్డు మీద పెడితే పాప సంబరపడుతుంది."

"మా పెద్దాడికీ ఎవరో ఇలాగే చెప్పారు బాబూ." ఆవిడ గొంతులో కోపం లేదు. "చవకది తెచ్చి తనే బిగించుకున్నాడు. నెల తిరక్కుండానే అది అంటుకుంది. అప్పుడు వాడు ఆ గదిలోనే నిద్రపోతున్నాడు. మాకు దక్కలేదు."

ఆయన చీటీ పక్కన పెట్టాడు. "ఏ షాపులో కొన్నాడమ్మా?"

"అడగనేలేదు. కొన్న రోజు ఒక్క మాటన్నాడు. 'షాపాయన చాలా మంచాయనమ్మా, నా దగ్గరున్న డబ్బుల్లోనే అయ్యేలా చూశాడు' అని."

ఆయన ఖరీదైన డబ్బానే కిందికి దించాడు. తన షాపు నుంచి అలా సంతోషంగా వెళ్ళిన పిల్లలు ఎంతోమంది. వాళ్ళలో ఆ కుర్రాడున్నాడేమోనని మనసులో వెతుక్కున్నాడు.

ఒక్కరి మొహమూ గుర్తు రాలేదు.