అందరిదీ ఒకే ముఖం

ముసుగుల చట్టం వచ్చాక మా ఒహాయో ఆఫీసులో అందరిదీ ఒకే ముఖం, ఒకే గొంతు. చేతులకు తొడుగులు సరేసరి. ఎవరు తెల్లవాళ్ళో ఎవరు కాదో తెలియకూడదట! ఏళ్ళ తరబడి ఉన్నచోటే ఉన్న నా ఉద్యోగం, ముసుగు తగిలించుకున్నాక చకచకా పైకి కదిలింది. ఇప్పుడు మేనేజరు పదవికి పోటీలో ఉన్నాను.

అప్పట్నుంచే గుసగుసలు మొదలయ్యాయి.

"మనవాళ్ళు కానివాళ్ళు ఎవరో పోటీలో ఉన్నారట. నీకెవరిమీదైనా అనుమానముందా?" పక్క సీటు ముసుగు నన్నే అడిగింది.

"ఉంటే ఉండనీ, నీకేం నొప్పి?" అన్నాను.

ఇవాళ మీటింగులో బల్ల కింద కాలికి ఏదో తగిలింది. చూస్తే పుస్తకం. "అయ్యో" అంటూ వంగి, దాన్ని తాకి కళ్ళకద్దుకున్నాను. తలెత్తేసరికి ముసుగులన్నీ నావైపే తిరిగి ఉన్నాయి.

కాగితం ముక్క కూడా కనబడని ఆఫీసులోకి పుస్తకమెలా వచ్చింది? కాలు తగిలితే నా చెయ్యి ఏం చేస్తుందో ఈ తెల్లవాళ్ళకెలా తెలుసు?

సాయంత్రానికల్లా పదవి, మీటింగులో నా ఎదురుగా కూర్చున్న ముసుగుకి వెళ్ళిపోయింది. ఇంటికెళ్ళేటప్పుడు లిఫ్టులో ఆ ముసుగూ నేనూ మాత్రమే ఉన్నాం. తలుపులు మూసుకున్నాక, అందరికీ ఉన్న ఆ గొంతుతోనే, మెల్లగా తెలుగులో అంది:

"ఏమనుకోకక్కా. ఒకళ్ళు దొరికితే చాలు, వాళ్ళింక వెతకరు."