తాతగారి మీసం

"బతికినన్నాళ్ళూ మీసం పెంచని మా తాతగారికి మీరు మొలిపించారు," అంటూ ఆ పెద్దమనిషి పటాన్ని కౌంటరు మీద పెట్టాడు.

ఫ్రేముల షాపు యజమానురాలు వంగి చూసింది. అద్దం కింద, సరిగ్గా తాతగారి పైపెదవి మీద, పొట్టి వెంట్రుక ఒకటి దర్జాగా కూర్చుంది. ఇలా వెనక్కొచ్చిన పటం ఈ నెలలో ఇది మూడోది. రేపటికల్లా సరిచేసి ఇస్తానని ఆయన్ని పంపించి, పటం పట్టుకుని వెనక పనిగదిలోకి వచ్చింది.

"ఇందులో వెంట్రుక ఎవరిదో ఇప్పుడే తేలాలి. ఎవరిదైతే వాళ్ళు రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదు."

మేస్త్రి తన నున్నటి నెత్తి నిమురుకున్నాడు. "నావైపు చూడకండి మేడమ్. ఇక్కడ కొట్టు కట్టేసి పదేళ్ళయింది."

ఇక మిగిలింది అద్దాలు తుడిచే అమ్మాయి. తెలీదని ఒక్క మాటంటే గండం గడిచేదే. ఇష్టపడి నేర్చుకున్న పని, పోతుందంటే ఏడుపొస్తోంది. అయినా ఇక దాక్కోదలచుకోలేదు.

"నాదే అయ్యుంటుంది మేడమ్," అంటూ తలకి కట్టుకున్న గుడ్డ విప్పేసింది. నడినెత్తిన అరచేయంత మేర జుట్టు లేదు.

"అయ్యో తల్లీ, పేనుకొరుకుడా?" అన్నాడు మేస్త్రి.

"కాదు బాబాయ్. నేనే పీక్కుంటాను. పదమూడో ఏటి నుంచీ ఇంతే. దిగులేసినా, ఊరికే కూర్చున్నా చెయ్యి దానంతటదే పైకి పోతుంది. పీకాకగానీ తెలీదు."

"తెలిశాకైనా మానెయ్యొచ్చుగా," అంది యజమానురాలు కటువుగా.

"అందరూ అదే అన్నారు మేడమ్. తిట్టారు, గుండు కొట్టించారు. మొలిచాక మళ్ళీ పీకాను. ఇది పొగరు కాదు, జబ్బు అని మొన్న డాక్టరమ్మ చెప్పేదాకా నాకూ తెలీదు. చెయ్యి ఎప్పుడెప్పుడు లేస్తోందో పుస్తకంలో రాయమంది. పట్టు దొరక్కుండా వేళ్ళకి ఈ ప్లాస్టర్లు వేసుకోమంది. పీకాలనిపిస్తే గుప్పిట బిగించి, ఆ తలపు పోయేదాకా ఓపిక పట్టమంది. మొదటివారం రోజుకి నలభైసార్లు పీకాను. నిన్న తొమ్మిది. ఇంకా ఓడిపోతూనే ఉన్నాను, కానీ పట్టు వదలను. మీరు పనిలోంచి తీసేసినా సరే, వైద్యం మాత్రం ఆపను."

మేస్త్రి ఈలోగా పటం వెనక టేపు కోసి, పట్టకారుతో వెంట్రుక తీసి తెల్ల అట్ట మీద పెట్టాడు. దాన్నీ, అమ్మాయి జడనీ మార్చి మార్చి చూశాడు.

"నీ జుట్టంతా రాగిరంగు. ఇది కారునలుపు, పైగా గోరంత. నీది కాదే అమ్మాయ్. ఉత్తపుణ్యానికి బయటపడ్డావు."

అమ్మాయి తెల్లబోయింది. మరి షాపులో ఉన్నదే ముగ్గురు. అద్దం బిగించేముందు ప్రతి పటం మీదికీ వంగి చివరిసారి చూసేది యజమానురాలే.

"మేస్త్రీ, మీరెళ్ళి టీ తాగి రండి," అంది ఆవిడ.

ఆయన వెళ్ళాక తలుపు దగ్గరగా వేసింది. కళ్ళజోడు తీసి, తడి రుమాలుతో నుదురు గట్టిగా తుడుచుకుంది. రుమాలుకి రెండు నల్లటి చారలు అంటుకున్నాయి.

"మీ డాక్టరమ్మ," అంది అమ్మాయి ముఖంలోకి చూస్తూ, "కనుబొమలు పీక్కునేవాళ్ళని కూడా చూస్తుందా?"