గుండె మార్పిడి

...భయం కాదిది, ముందుజాగ్రత్త, ఆ తేడా చేతిపట్టీకేం తెలుసు, అనుకుంటున్నాడు త్రినాథ్. థీమ్ పార్కుకు ఇంటిల్లిపాదీ వెళ్ళడం ఇదే మొదటిసారి. పార్కువాళ్ళు ఒక్కొక్కరికి పంపిన పట్టీ, వారంపాటు గుండె చప్పుడు విని, ఎవరు ఏ రైడ్ ఎక్కాలో తేలుస్తుంది. పెద్దావిడ గుండెకైతే ఏ బొమ్మగుర్రమో ఇస్తుందని, తన పట్టీని రోజంతా జపం చేసుకునే అత్తగారి చేతికి తగిలించాడు.

వారం తిరిగేసరికి ఇంట్లో గోడ తెర మీద ఫలితం వెలిగింది: "త్రినాథ్‌ది రాతిగుండె. రోలర్ కోస్టర్, ముందు సీటు, ఏడుసార్లు."

"నాన్నా, నీ పక్కన నేనే!" పదేళ్ళ నవిత గెంతింది. "భయమేస్తే నీ చెయ్యి పట్టుకుంటా."

"అల్లుడుగారూ, గుండె నాదైతే ముందు సీటు మీకా?" అత్తగారు చెవిలో గొణిగింది.

కూతురి కళ్ళలో మెరుస్తున్న ఆ ధీరుడెవరో త్రినాథ్‌కు అసలు పరిచయమే లేదు. అత్తగారి చేతి పట్టీ విప్పి, నవిత చూస్తుండగానే, తన గుండెదడకు అది కీచుమంటున్నా ఆగకుండా, తన చేతికి బిగించుకున్నాడు.