శవం వేషం

ఆ నాటకంలో అన్ని వేషాలకూ మనుషులు దొరికారు, ఒక్క శవానికి తప్ప.

నాటకం రాసింది లెక్కల మాస్టారు. బాణీలు కట్టింది మందుల షాపాయన. ఇన్నేళ్ళూ ఎవరెవరివో పాత నాటకాలు ఆడుతూ వచ్చిన ఆ సమాజానికి, సొంత కథతో, సొంత పాటలతో నాటకం వేయడం ఇదే మొదలు.

చివరి రంగంలో తల్లి చనిపోయి ఉంటుంది. కూతురు పక్కన కూర్చుని పన్నెండు చరణాల పాట పాడుతుంది. అంతసేపూ తల్లి బల్ల మీద కదలకుండా పడుకోవాలి.

సమాజంలో ఉన్న ఆడవాళ్ళెవరూ ఒప్పుకోలేదు. నిండు ప్రాణంతో ఉండి ఆ పడక మాకెందుకన్నారు.

కూతురి వేషం కుట్టుపని చేసే అమ్మాయిది. ఏడేళ్ళుగా అందరి వేషాలకూ బట్టలు కుట్టిపెట్టిన పిల్ల, తను వేషం కట్టడం మాత్రం ఇదే మొదటిసారి.

ఒకరోజు సాయంత్రం రిహార్సలు గది గుమ్మంలో ఒకావిడ నిలబడింది. యాభై దాటి ఉంటాయి. ఎముకలకు చీర చుట్టినట్టుంది.

"శవం వేషానికి మనిషి కావాలని బయట రాసి ఉంది. నేను వేస్తాను."

ఇదివరకు నాటకాలు వేశారా అని మాస్టారు అడిగాడు.

"పడుకోవడమేగా బాబూ. అలవాటే."

అందరూ నవ్వారు. పేరు అడగడం ఎవరికీ తోచలేదు. ఆ రోజు నుంచి ఆవిడ 'శవంగారు' అయిపోయింది.

శవంగారికి టీ పోయండర్రా అనేవాడు మందుల షాపాయన. శవంగారు నడిచొస్తున్నారు, దారివ్వండి అనేవాళ్ళు మిగతావాళ్ళు. ఆవిడా వాళ్ళతో కలిసి నవ్వేది. తన రంగం చివర ఉన్నా రోజూ అందరికంటే ముందొచ్చి, ఓ మూల కూర్చుని, కుట్టుపిల్ల వైపే చూస్తూ ఉండేది.

నెల గడిచింది. ఆదివారం నాటకం. అయినా కుట్టుపిల్లకి ఏడుపు రావడం లేదు.

గొంతు బాగానే పలికేది. కళ్ళు మాత్రం ఎండిన చెలమల్లా ఉండేవి.

"తల్లి పోయినదానిలా లేవమ్మా నువ్వు. సూది పోయినదానిలా ఉన్నావు" అన్నాడు మాస్టారు.

గురువారానికి ఏడుపు రాకపోతే ఆ వేషం తన మరదలికి ఇచ్చేస్తానని కూడా చెప్పాడు. వేషం కోసం కుట్టుకున్న జాకెట్టును ఆ మరదలి కొలతకు విప్పి కుట్టాల్సింది కూడా తనే. ఆ మాట తలచుకుంటే కుట్టుపిల్లకి మెతుకు దిగలేదు.

గురువారం వచ్చింది. ఆవిడ బల్ల మీద పడుకుంది. పిల్ల పాట ఎత్తుకుంది.

మూడో చరణంలో శవం కళ్ళు కొంచెం తెరిచింది.

"ఏడవాలని చూడకమ్మా. ముందు నా జుట్టు సర్దు" అని గొణిగింది. "ఏడుపు దానంతటదే వస్తుంది."

మందుల షాపాయన చెవిన పడనే పడింది. హార్మోనియం ఆపి, శవం కూడా పాఠాలు చెబుతోందిరా అన్నాడు. గది గదంతా గొల్లుమంది.

ఆ నవ్వు తన మీదేననుకుంది పిల్ల. మొహం కందిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఐదో చరణంలో శవం దగ్గింది. ఏడో చరణంలో దగ్గు ఆపుకోలేక మెలికలు తిరిగింది.

మాస్టారు పుస్తకం మూసేశాడు. మరదల్ని పిలవబోతున్నాడని పిల్లకి అర్థమైంది.

"తప్పు నాది కాదు మాస్టారూ. చచ్చిపోయిన మనిషి దగ్గుతుంటే నాకు ఏడుపెలా వస్తుంది? చెయ్యి పట్టుకుంటే పెనంలా కాలుతోంది. ఈవిణ్ణి తీసెయ్యండి. దుప్పటి కింద దిండు పెట్టినా నయమే."

దిండుకైతే టీ ఖర్చు కూడా ఉండదన్నాడు మందుల షాపాయన.

ఆవిడ మెల్లగా లేచి కూర్చుంది.

"ఇంకొక్కసారి పాడు తల్లీ. ఈసారి దగ్గను. ఆదివారం దాకా ఉండనివ్వు."

"మీకు చచ్చిపోవడం కూడా చేతకాదు. వెళ్ళండి" అంది కుట్టుపిల్ల.

ఆవిడ బల్ల దిగింది. దుప్పటి ముడతలు చేత్తో సరిచేసింది. గుమ్మం దాటి వెళ్ళిపోయింది.

దిండు తెచ్చి పడుకోబెట్టారు. కోపానికో, ఉక్రోషానికో పిల్లకి కన్నీళ్ళు ధారగా వచ్చేశాయి. అదీ ఏడుపంటే అని మాస్టారు మురిసిపోయాడు. వేషం నిలబడింది.

ఆదివారం హాలు కిటకిటలాడింది. చివరి రంగంలో పిల్లకి మళ్ళీ కన్నీళ్ళు రాలేదు. ఏం చెయ్యాలో తోచక, తల్లి జుట్టు సర్దబోయింది. అక్కడ జుట్టు లేదు. తడుముకుంటున్న చెయ్యి తగిలి, దిండు దుప్పటితో సహా దొర్లి కింద పడింది.

హాలంతా పొట్ట పట్టుకుని నవ్వింది. తెర దించేసినా ఆ నవ్వు ఆగలేదు.

మర్నాడు ఉదయం కుట్టు దుకాణానికి ఒక నర్సు వచ్చింది. నాటకంలో కూతురి వేషం వేసింది నువ్వేనా అని అడిగింది.

ఈవిడా నవ్వడానికే వచ్చిందనుకుని, పిల్ల మిషన్ మీంచి తల ఎత్తలేదు.

"మా వార్డులో ఒకావిడ నిన్న సాయంత్రం పోయింది. సొంతవాళ్ళ పేరు రాసేచోట 'కూతురు, కుట్టు దుకాణం' అని రాయించింది. నువ్వొచ్చి సంతకం పెడితే శవాన్ని ఇస్తారు."

"నేను కాదండీ. మా అమ్మ ఇంట్లోనే ఉంది. అన్నం వండుతోంది."

నర్సు తన చేతిలోని కాగితం వైపు చూసింది.

"ఆవిడకి నా అన్నవాళ్ళు ఎవరూ లేరని నాకు తెలుసమ్మా. ఇక రోజులే అని డాక్టరు చెప్పాక, నేను పోతే ఏడవడానికి నాకో కూతురుంది, పాట పాడి మరీ ఏడుస్తుంది, ఒక్కసారి చూసొస్తానని నెల రోజులు ప్రతి సాయంత్రం నా చేతులు పట్టుకుని అడిగి వెళ్ళేది. మొన్న గురువారం తర్వాతే అడగడం మానేసింది."