ఒక్క జెండా

"నీ కొడుకు చోటు ఎవరూ లాక్కోలేదు గ్లెన్. టెగన్ బాగా తన్నుతోంది, ముందు నిలబెట్టాను. ఇవాళ గెలిస్తే అక్కడే ఉంటుంది. ఓడితే ఆడపిల్లల నెట్‌బాల్‌కి పోతుంది, కూపర్ మళ్ళీ ముందుకొస్తాడు. చాలా?" అని కోచ్ తేల్చేశాడు.

చాల్లేదు. అయినా గ్లెన్ తెల్లకోటు తొడుక్కుని గోల్ కర్రల దగ్గరికి నడిచాడు. బడి పిల్లల ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌లో జెండాలూపే పని ఎవరో ఒక తండ్రి నెత్తిన పడుతుంది. ఇవాళ అతని వంతు. నడుమ పొడుగు కర్రల మధ్య బంతి పోతే గోలు, రెండు జెండాలు, ఆరు పాయింట్లు. వాటికీ చివరి పొట్టి కర్రలకీ నడుమ పక్క సందులోంచి పోతే ఒక్క జెండా, ఒక్క పాయింటు. ఆ సందు కూడా దాటి బయటికి పోతే సున్నా.

ఆ పిల్ల గోలు మీద గోలు కొడుతోంది. కొట్టినప్పుడల్లా మైదానం చుట్టూ ఆపిన కార్లన్నీ హారన్లు మోగిస్తున్నాయి. కూపర్ కొట్టిన ఏ గోలుకీ ఇంత మోత లేదు. రెండేసి జెండాలెత్తుతుంటే గ్లెన్‌కి చేతులు మండుతున్నాయి.

ఆట చివరికొచ్చింది. సొంతబడి ఒక్క పాయింటు ముందుంది. టెగన్ తల్లి షెరిల్ చిప్స్ పొట్లంతో కర్రల వెనక్కి వచ్చింది.

"కాస్త సంతోషంగా ఊపవయ్యా. శవయాత్రలో ఉన్నట్టున్నావు."

"మగపిల్లల మధ్య ఆ బురదలో ఆడపిల్లకేం పని? రేపు ముక్కు పగిలితే?"

"ముక్కు దానిది, ఏడుపు నీది. కుళ్ళు నీకు!"

"నాకా? పదమూడేళ్ళ పిల్ల మీద నాకు కుళ్ళేంటి?"

అవతలి చివర పెద్ద కేక. గ్లెన్ తిరిగేసరికి పైవూరి బడి పిల్లలు ఒకర్నొకరు కౌగిలించుకుంటున్నారు. అయితే గోలే. ఒకటి ముందున్నవాళ్ళు ఐదు వెనకబడ్డారు. గ్లెన్ కడుపు చల్లబడింది.

బంతి మళ్ళీ ఇటొచ్చింది. ఇద్దరు మగపిల్లల భుజాల మీదుగా ఎగిరి టెగన్ దాన్ని పట్టేసింది. అప్పుడే సైరన్ మోగింది. ఆట అయిపోయినా, పట్టిన బంతిని ఒకసారి తన్నే హక్కు ఆమెకుంది.

తన్నింది. బంతి గాలికి వంగి, వెంట్రుకవాసిలో చివరి కర్ర అవతల నుంచి పోయింది. సున్నా. కర్రకి సూటిగా నిలబడి చూసింది గ్లెన్ ఒక్కడే.

టెగన్ బురద చేతుల్లోనే మొహం దాచుకుంది. షెరిల్ నోటి దాకా వచ్చిన చిప్ అక్కడే ఆగింది. గ్లెన్‌కి ఒళ్ళంతా తేలికైపోయింది. తనకి కుళ్ళంట! ఐదు వెనకున్నవాళ్ళకి ఒకటి పడేస్తే ఏం పోయింది? ఓటమి ఓటమే.

"పోనీలే, ఆడపిల్ల కదా. ఏడుస్తుంది" అని షెరిల్‌కి వినపడేలా అని, ఒక్క జెండా తీసి దర్జాగా ఊపాడు. ఒకసారి ఊపాక దానికి తిరుగులేదు.

కార్ల హారన్లన్నీ ఒక్కసారిగా గొల్లుమన్నాయి.

"దేనికిరా ఈ మోత? ఓడిపోయాంగా!"

కూపర్ పరుగున వచ్చి తండ్రి నడుం పట్టుకుని గిరగిరా తిప్పేశాడు.

"ఓడటమేంటి నాన్నా! వాళ్ళ చివరిది గోల్ కాదు, పక్క సందులోంచే పోయింది. సమంగా ఉన్నాం. నువ్విచ్చిన ఆ ఒక్కదానితోనే గెలిచాం!"